సింకు పక్క మంచం

జూన్ 4

తమ్ముడి కాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

ఈ ఒక్క వాక్యం రాయడానికే డైరీ తెరిచాను. రాశాను.  కోపంలో ఉన్నాను కాబట్టే రాయగలిగాను.

జూన్ 5

వాడు లిఫ్టు మెకానిక్కు. లిఫ్టు గోతిలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎముక బయటికొచ్చింది. అలాంటివి రోజూ వస్తాయి ఆసుపత్రులకి. రాడ్డు వేస్తారు, కుట్లు వేస్తారు, నాలుగు నెలలకి కుంటుకుంటూ పనిలోకి పోతారు. "మా ఆసుపత్రికే తీసుకురండి, నేనుంటాను కదా" అని పట్టుబట్టింది నేనే. రాడ్డు బాగానే పడింది. తర్వాత గాయంలో చీము మొదలైంది.

ఆ చీములోని బాక్టీరియాని పెంచిన ప్లేటు ల్యాబులో నా బెంచీ మీదకే వచ్చింది. ప్లేటులో పెట్టిన మందు బిళ్ళల చుట్టూ ఖాళీ వలయాలు కనపడాలి. అంటే మందు చంపినట్టు. ఒక్క దాని చుట్టూ కూడా లేదు. బిళ్ళల అంచుల దాకా పచ్చగడ్డి మొలిచినట్టు మొలిచింది. అన్నిటికన్నా చివర వాడే మందు చుట్టూ కూడా. ఇరవై ఏళ్ళుగా ఇలాంటి ప్లేట్లు చూస్తున్నాను. పేషెంటు పేరున్న చోట మా ఇంటిపేరు చూడటం ఇదే మొదలు.

పొద్దున ల్యాబుకి వెళ్ళకుండా మావయ్య మెడికల్ షాపుకి వెళ్ళాను. అమ్మ తమ్ముడు. మేం చిన్నప్పుడు మమ్మల్ని భుజాల మీద మోసినవాడు. కౌంటరు ముందు నలుగురు నిలబడి ఉన్నారు. నాకు ఎవరూ కనపడలేదు.

"వాడికి చలికాలం గొంతు నొప్పికి ఏం మాత్రలిచ్చావు మావయ్యా?"

"ఇప్పుడెందుకమ్మా అది?"

"ఇచ్చావా లేదా?"

"ఇచ్చాను. తగ్గింది కదా."

"ఎన్ని మింగాడు?"

"తగ్గగానే ఆపేసుంటాడు. అందరూ అంతే కదా."

"అవును, అందరూ అంతే. అందరికీ అమ్మేది నువ్వే. డాక్టరు చీటీ అడగవు. రెండిమ్మంటే రెండిస్తావు, మూడిమ్మంటే మూడు. సగం చచ్చిన క్రిములు మందుకి అలవాటు పడి కూర్చుంటాయి. వాడి కాలు నరికింది సర్జన్ కాదు మావయ్యా. నువ్వు."

ఆయన చేతిలో కత్తెర, సగం కత్తిరించిన మాత్రల అట్ట ఉన్నాయి. రెండూ కౌంటరు మీద పెట్టాడు. నలుగురిలో ఒకాయన ఏమీ కొనకుండానే వెళ్ళిపోయాడు.

నేను అబద్ధం చెప్పలేదు. సైన్సు చెప్పాను.

జూన్ 6

అమ్మ ఫోను ఎత్తడం లేదు. మరదలితో, అంటే తమ్ముడి భార్యతో చెప్పించింది: "మా తమ్ముడిని నడిబజారులో నిలబెట్టినదానితో నాకు మాటల్లేవు."

ఈమె కొడుక్కే కదా కాలు పోయింది. ఇంతమందిలో నాకొక్కదానికే ఒళ్ళు మండుతోందా?

జూన్ 7

ఇన్ఫెక్షన్ కమిటీ మీటింగు. మా సూపరింటెండెంటుకి నేను ఇంట్లో పెట్టుకున్న పేరు శాంతమూర్తి. ఇల్లు తగలబడుతున్నా గొంతు పెంచడు. ఈ బాక్టీరియా ఎక్కడి నుంచి వచ్చుంటుందని అడిగాడు.  నేనే చెప్పాను.

"పేషెంటు నా తమ్ముడే సార్. మా మావయ్యది మెడికల్ షాపు. చీటీ లేకుండా మందులిస్తాడు. వాడు ఏడాది పొడుగునా మింగాడు. బయటి నుంచే వచ్చి ఉండొచ్చు."

"ఉండొచ్చా, ఉంటుందా మేడమ్?"

"ఉంటుంది" అన్నాను.

తల ఊపి, రాసుకోమని క్లర్కుకి సైగ చేశాడు. ఆ మొహంలో ఎందుకో అంత హాయి. ఒకడైనా నా మాట విన్నాడనుకున్నాను.

జూన్ 9

మావయ్య గురించి ఇక రాయను.

జూన్ 10

మావయ్య రోజూ ఆసుపత్రి గేటు దాకా వచ్చి అక్కడే నిలబడుతున్నాడట. పైకి రాడట. ఫ్లాస్కులో కాఫీ మరదలి చేతికిచ్చి వెళ్ళిపోతాడట. ఈ సంగతి తమ్ముడే చెప్పాడు. ఐసీయూలో మూల మంచం మీద ఉన్నాడు. జ్వరం ఇంకా దిగలేదు.

"మావయ్యని తిట్టావట కదక్కా."

"నీకెవరు చెప్పారు?"

"నలుగురి ముందు తిడితే ఐదోవాడికి తెలియదా? ఆయన ఇచ్చినవి నేనే సగంలో ఆపేశాను. తిట్టేదేదో నన్ను తిట్టు. నేనెలాగూ లేచి పోలేను."

వాడి నుదురు తుడిచి వచ్చేశాను. వాడి దగ్గరికెళ్ళే ముందు ప్రతిసారీ సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంటాను. ఈ ఆసుపత్రిలో అంత శుభ్రంగా కడుక్కునే మనిషి ఇంకొకరు లేరు.

జూన్ 11

ఐసీయూలో నాలుగో నంబరు మంచం పెద్దాయన పోయాడు. పిత్తాశయంలో రాళ్ళు తీయించుకోవడానికి నడుచుకుంటూ వచ్చిన మనిషి. ఆపరేషన్ తర్వాత ఆ మంచం మీద పడుకోబెట్టారు. తమ్ముడికి రాడ్డు వేసినప్పుడు వాడున్నదీ ఆ మంచమే. ఆయన రక్తంలోని బాక్టీరియాని పెంచిన ప్లేటు కూడా నా బెంచీ మీదకే వచ్చింది. అదే పచ్చగడ్డి.

కూతురికి "వయసు మీద పడింది కదమ్మా" అని చెప్పి పంపేశారు.

జూన్ 12

ఇవాళ వార్డులో కొత్త మాట పుట్టింది. లిఫ్టు మెకానిక్కు బయటి నుంచి మొండి క్రిమి పట్టుకొచ్చాడని, దాంతోనే పెద్దాయన పోయాడని. ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్న వాళ్ళు మరదలి పక్క నుంచి లేచి దూరంగా కూర్చున్నారట. ఆ పిల్ల మొహం మాడ్చుకుని ల్యాబు తలుపు దగ్గరికొచ్చింది.

"మా ఆయన వల్ల మనిషి చచ్చిపోయాడంటున్నారు వదినా. మీ మెషిన్ చెప్పలేదా అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో?"

చెప్పగలదన్నాను. కూర్చోబెట్టి వివరించాను. బాక్టీరియా డీఎన్ఏ అంటే నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన లక్షల అక్షరాల రాత. మెషిన్ ఆ రాతని వరసగా చదువుతుంది. మందుని ముక్కలు చేసే జీన్ అందులో ఎక్కడో ఉంటుంది.

"ఆ జీన్ దొరికితే దొంగ దొరికినట్టేనా?"

"కాదు. అలాంటి జీన్ లోకమంతా తిరుగుతోంది. ఒక బాక్టీరియా నుంచి ఇంకో బాక్టీరియాకి చేతులు మారుతుంది. అది ఒక్కటే చూస్తే లాభం లేదు. మొత్తం రాత చదివి, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చాలి. ఒక తల్లి పిల్లలైతే నాలుగైదు అక్షరాలు తేడా ఉంటాయి. పరాయివైతే వేలల్లో ఉంటాయి."

ఆ పిల్ల లేచి నిలబడింది.

"అయితే మావయ్యగారిని తిట్టకముందే పోల్చి ఉండాల్సింది కదా వదినా."

మెత్తగానే అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పని ఉందని పంపేశాను.

జూన్ 13

ఆ పిల్లకేం తెలుసు?

జూన్ 13, సాయంత్రం

తమ్ముడి దగ్గరికి వెళ్తూ ఐసీయూ సింకులో చేతులు కడుక్కున్నాను. నీళ్ళు సరిగ్గా దిగలేదు. కుళాయి ధార నేరుగా జాలీ మీద పడి, అడుగున నిలిచిన నీళ్ళతో కలిసి ఎగిరింది. నా కోటు మీద పడింది. పక్కనున్న గాజుగుడ్డల ట్రే మీద పడింది. అవతల చెయ్యి చాపితే అందేంత దూరంలో నాలుగో నంబరు మంచం.

రోజూ ఇక్కడే నిలబడ్డాను. ఇవాళే చూశాను.

ల్యాబుకి వెళ్ళి దూది పుల్ల తెచ్చి, సింకు గొట్టంలోకి దింపి తిప్పి తీశాను. నల్లగా జిగురు వచ్చింది. ఐసీయూ సిస్టర్ "ఏంటి మేడమ్?" అంది. "ఏం లేదు" అన్నాను. నిజంగానే ఏమీ ఉండదు అనుకుంటున్నాను. ఉంటే నేను మావయ్యని అన్న మాటలు ఎక్కడికి పోతాయి?

జూన్ 15

పచ్చగడ్డి.

జూన్ 17

నిన్న నాలుగు నమూనాలు మెషిన్‌కి ఎక్కించాను. తమ్ముడిది, పెద్దాయనది, సింకుది. నాలుగోది ఫ్రీజరు నుంచి తీశాను. చలికాలంలో అదే ఐసీయూలో ఒకావిడ మూత్రంలో దొరికింది. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. ఆవిడ బతికి ఇంటికెళ్ళింది కాబట్టి కథ అయిపోయిందనుకున్నాం. నమూనా గొట్టం మీద మంచం నంబరు రాసి ఉంది. నాలుగు.

రాత్రంతా మెషిన్ చదివింది. పొద్దున వచ్చి పోల్చాను. ఒకసారి కాదు, తప్పు దొరుకుతుందేమోనని మళ్ళీ మళ్ళీ పోల్చాను. నాలుగూ ఒక తల్లి పిల్లలు. మందుని ముక్కలు చేసే జీన్ నాలుగింటిలోనూ అదే. దాన్ని మోసుకు తిరిగే ఉంగరం లాంటి డీఎన్ఏ ముక్క కూడా అదే, మొదటి అక్షరం నుంచి చివరిదాకా. మిగతా రాతలో తేడాలు ఒక చేతి వేళ్ళకి సరిపోతాయి.

ఫ్రీజరులోది తమ్ముడు గోతిలో పడకముందుది. అప్పటికి వాడికి మా ఆసుపత్రి గేటు ఎక్కడుందో కూడా తెలియదు. వాడు దాన్ని తేలేదు. ఇక్కడే తగిలించుకున్నాడు. నా ఆసుపత్రిలో. నేను పట్టుబట్టి తెప్పించిన ఆసుపత్రిలో.

ఆ సింకులోనే చేతులు కడుక్కుని వాడిని ముట్టుకున్నాను. ఎన్నిసార్లో లెక్క పెట్టను.

జూన్ 18

శాంతమూర్తి రిపోర్టు మొత్తం చదివాడు. ఒక్క పేజీ కూడా వదలకుండా చదివాడు, అది ఒప్పుకోవాలి.

"చాలా కష్టపడ్డారు మేడమ్. మంచి పని."

"ఆ సింకు ఇవాళే మూసేయాలి సార్. ఆ మంచం ఖాళీగా ఉంచాలి. గొట్టాలన్నీ మార్చాలి."

"మారుద్దాం. ముందు కమిటీ కూర్చోవాలి కదా. ఐసీయూలో పని ఆగిందంటే ఆపరేషన్లు ఆగుతాయి. బయట నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు."

"మనిషి చచ్చిపోయాడు సార్. ఇంకొకడికి కాలు పోయింది."

అప్పుడు పాత మీటింగు ఫైలు నా ముందుకు జరిపాడు.

"ఇది మీ మాటే కదా మేడమ్. బయటి నుంచే వచ్చి ఉంటుందన్నారు. సొంత తమ్ముడి విషయం, సొంత మావయ్య షాపు. మీకన్నా బాగా ఎవరికి తెలుస్తుంది? ఇప్పుడేమో ఇక్కడి నుంచే అంటున్నారు. ఇంట్లో గొడవలయ్యాయని విన్నాను. మనసు బాగాలేనప్పుడు పెద్ద నిర్ణయాలు వద్దు. కమిటీ దాకా ఆగండి."

గొంతు కొంచెం కూడా పెరగలేదు.  వాళ్ళకి కావలసిన అడ్డుగోడ నా చేతులతో నేనే కట్టిచ్చాను. ఇటుకలు మావయ్యవి.

జూన్ 19

ఆగమన్నాడు. ఆగాను.

పిరికిదాన్ని.

జూన్ 20

మధ్యాహ్నం తమ్ముడిని చూడటానికి వెళ్ళేసరికి నాలుగో నంబరు మంచం మీద ఎవరో ఉన్నారు. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే ఆవిడట. పేగు ఆపరేషన్ అయింది. పొట్ట మీద తాజా కుట్లు. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. కానీ నన్ను చూసి నవ్వింది.

"ఈ మంచం మీద ఎందుకు పెట్టారు?" అని సిస్టర్‌ని అడిగాను.

"వేరే ఖాళీ లేదు మేడమ్. మాకెవరూ ఏమీ చెప్పలేదు."

చెప్పలేదు. నిజమే. చెప్పాల్సిన దాన్ని నేను. కమిటీ కోసం ఆగుతున్నాను.

కోటు విప్పి, నేల మీద మోకాళ్ళేసి, సింకు కిందకి దూరాను. నీళ్ళు కట్టేసే వాల్వు తుప్పు పట్టి కదల్లేదు. మూల మంచం మీద నుంచి తమ్ముడు తల ఎత్తి చూస్తున్నాడు.

"ఏం చేస్తున్నావక్కా?"

"సింకు కట్టేస్తున్నా."

"కుడివైపు తిప్పు. అలా కాదు, జారిపోతుంది. గుడ్డ చుట్టి, రెండు చేతులతో, నీ బలమంతా పెట్టు. శాంతమూర్తి మెడ అనుకో."

తిరిగింది. కుళాయి ఆగిపోయింది. అంటించే ప్లాస్టరు తెచ్చి జాలీ మీద అడ్డంగా, నిలువుగా వేశాను. లేచేసరికి శాంతమూర్తి తలుపు దగ్గర ఉన్నాడు. ఎవరు కబురు చేశారో తెలియదు.

"మేడమ్, బయటికి రండి. మాట్లాడుకుందాం."

"ఇక్కడే మాట్లాడతాను సార్."

"పేషెంట్లున్నారు."

"వాళ్ళున్నారనే."

అద్దం తలుపు అవతల బెంచీల మీద వాళ్ళంతా లేచి నిలబడ్డారు. మరదలు కూడా. నేను చదువు చెప్పే గొంతుతో చెప్పాను. అరవలేదు అనుకుంటున్నాను. అరిచానని తమ్ముడంటాడు.

"ఈ గొట్టంలో ఉన్న బాక్టీరియా, మా తమ్ముడి కాల్లో ఉన్న బాక్టీరియా ఒకటే. ఈ మంచం మీద పోయిన పెద్దాయనలో ఉన్నదీ అదే. వాడు రాకముందు నుంచే ఇక్కడుంది. వాడు తెచ్చింది కాదు. మా మావయ్య ఇచ్చిన మందులతో వచ్చింది కాదు. బయటి నుంచి వచ్చిందని మీటింగులో చెప్పింది నేనే. చదవకుండా చెప్పాను. ఆ మాట కొట్టేసి ఈ మాట రాసుకోండి."

 శాంతమూర్తి ఏదో అనేలోపు సిస్టర్ డ్రైవింగ్ టీచరు మంచం చక్రాల బ్రేకు తీసింది. ఎవరినీ అడగలేదు. ఇంకో నర్సుని పిలిచి, మంచాన్ని అవతలి గోడ వైపు నెట్టుకుంటూ పోయింది.

జూన్ 23

ఐసీయూ తలుపుకి బోర్డు తగిలించారు: మరమ్మతుల నిమిత్తం మూసివేయడమైనది. మరమ్మతులట.

గొట్టాలు విప్పుతున్నప్పుడు నేను అక్కడే నిలబడ్డాను. లోపల వేలంత మందాన నల్లటి జిగురు పేరుకుని ఉంది. ప్లంబరు వాసనకి మొహం తిప్పుకున్నాడు. డ్రైవింగ్ టీచరు నమూనాలో ఏమీ పెరగలేదు. రెండుసార్లు చూశాను.

నాకు మెమో ఇచ్చారు. ఆసుపత్రి ఆస్తిని అనుమతి లేకుండా ముట్టుకున్నందుకు, రోగులను భయపెట్టినందుకు. డీఎన్ఏ చదివే మెషిన్ గది తాళం తీసేసుకున్నారు. తాళమే కదా. రాత మొత్తం రాష్ట్ర ఆరోగ్య శాఖకి అప్పుడే పంపేశాను. రెండో మెమోలో అది కూడా కలుపుకోవచ్చు.

జూన్ 24

తమ్ముడికి జ్వరం దిగింది. ఐసీయూ మూసినప్పుడే మామూలు వార్డుకి మార్చారు.

"ఒంటి కాలితో లిఫ్టు పని చేయొచ్చక్కా. పైకీ కిందికీ తిరిగేది లిఫ్టు. నేను కాదు."

నవ్వాను. బయటికొచ్చి వరండాలో ఉన్న స్ట్రెచర్ని కాలితో తన్నాను. దాని తప్పేం లేదు.

జూన్ 26

పెద్దాయన కూతురి ఇంటికి వెళ్ళాను. బ్యాంకులో పనిచేస్తుందట. తలుపు సగమే తీసింది. నేనెవరో చెప్పాను. వయసు వల్ల కాదని చెప్పాను. సింకు గురించి చెప్పాను. 

"అంత పెద్ద ఆసుపత్రి నుంచి మీరొక్కరే వచ్చారా?"

"అవునండి."

"సారీ చెప్పడానికా?"

"చెప్పడానికే. కానీ అది మీకెందుకూ పనికిరాదు. జరిగింది మీకు తెలియాలి."

"మా నాన్న చేతులు కడుక్కోమని అందరికీ చెప్పేవాడు. నన్ను కూడా ఆ సింకు దగ్గరికే పంపేవాడు." తలుపు అంచు పట్టుకుంది. "నేను కేసు వేస్తాను. ఇదంతా మీరు కోర్టులో చెబుతారా?"

"చెబుతాను."

"ఉద్యోగం పోతుంది."

"పోతే పోతుంది."

"లోపలికి రమ్మని అనను. ఏమీ అనుకోకండి" అని తలుపు వేసింది. అనుకోవడానికి నాకేం హక్కుంది?

జూన్ 29

మావయ్య షాపు.

ఇవాళ కూడా కౌంటరు ముందు జనం ఉన్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనుకున్నాను. తిట్టినప్పుడు ఆగానా అనిపించింది. వాళ్ళ ముందే చెప్పాను.

"మావయ్యా, నీ మందుల వల్ల కాదు. మా ఆసుపత్రి సింకు నుంచి వచ్చింది. నేనన్నది తప్పు. అది కూడా నలుగురిలో అన్నాను. క్షమించు."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడిచాడో.

"మీ అత్త షాపు మూసేయమంది" అన్నాడు. "నువ్వన్నది నిజమేనేమో అనుకున్నాను. వాడి మొహం చూడలేక గేటు దగ్గరే ఉండిపోయాను. ఇప్పుడు కాదంటున్నావు. సరే. ఈసారి నేను కాదు."

"ఈసారి కాదు."

"మిగతా సార్లు?"

 తెలియదు. తెలుసుకోవడానికి ఆ మనుషుల నమూనాలు ఏ ఫ్రీజరులోనూ లేవు.

ఇంతలో ఒకావిడ వచ్చింది. ముక్కు కారుతోంది, గొంతు బొంగురుగా ఉంది. "అన్నా, మొన్నటివే ఇంకో రెండివ్వు" అంది. మావయ్య నా వైపు చూశాడు. చెయ్యి డబ్బా దాకా వెళ్ళి ఒక్క క్షణం ఆగింది. తర్వాత అట్ట తీసి, రెండు మాత్రలు కత్తిరించి ఇచ్చేశాడు.

"జలుబు మావయ్యా అది. జలుబుకి ఆ మాత్ర పనిచేయదు."

"తెలుసు."

"తెలిసీ ఇచ్చావా?"

"నేనివ్వకపోతే ఎదురు షాపులో కొంటుంది."

మళ్ళీ ఒళ్ళు మండింది. ఇంతా అయ్యాక కూడా. ఆవిడ వెనకాలే వీధిలోకి పరిగెత్తాను. బస్టాపు దగ్గర పట్టుకున్నాను. ఆ మాత్రలు ఇప్పుడు వద్దమ్మా, జ్వరం వస్తే డాక్టరుకి చూపించుకో అన్నాను. ఎందుకో కూడా చెప్పాను, కాలు సంగతితో సహా. విన్నదో, పిచ్చిదనుకుందో తెలియదు. మాత్రలు సంచిలో వేసుకుని బస్సెక్కేసింది.

ఆయాసపడుతూ తిరిగొచ్చాను. కౌంటరు ముందు ఎవరూ లేరు. మావయ్య కౌంటరు తలుపు ఎత్తి పట్టుకుని, లోపలి స్టూలు ఇటువైపు జరిపాడు.

"తిట్టడం అయిపోయిందా?"

"ఇంకా లేదు."

"అయితే కూర్చుని తిట్టు" అన్నాడు.

కూర్చున్నాను.